కిటికీలు తెరవమన్న మనిషి

మా మామగారిని ఊళ్ళో అందరూ అద్దాల మామ అంటారు. కిటికీలకూ తలుపులకూ షాపుల ముందు అలమరాలకూ అద్దాలు కోసి బిగించడం ఆయన పని. ఊళ్ళో ఆయన చెయ్యి పడని కిటికీ లేదు. అలాంటి మనిషి ఇంట్లో మాత్రం ఒక్క కిటికీ కూడా తెరుచుకోదు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఓ మిట్టమధ్యాహ్నం ఉక్కపోత భరించలేక గడియ తీయబోతే అది కదల్లేదు. దగ్గరికెళ్ళి చూస్తే రెక్కల చుట్టూ సందు లేకుండా లప్పం పెట్టి, దాని మీద రంగు కూడా వేసేశారు. వంటింట్లో అంతే, పడగ్గదిలో అంతే. మా ఆయన ఇంటికి రాగానే, "ఇది ఇల్లా, మూత బిగించిన డబ్బానా?" అని అడిగాను.

"నాన్నకి గాలి పడదు. నీకే అలవాటైపోతుందిలే" అన్నాడు.

నాకు అలవాటు కాలేదు. అసలే ముక్కు మీద కోపం నాకు, చెమట పట్టిందంటే అది నెత్తికెక్కుతుంది. "ఊరందరికీ కిటికీలు పెట్టి మనకి మాత్రం గోడలు కట్టారేంటి మామయ్యా?" అని మొహం మీదే అడిగేదాన్ని. ఆయన నవ్వేసి ఊరుకునేవారు. మర్నాడు ఇంకో ఫ్యాను తెచ్చి నా మంచానికి ఎదురుగా బిగించేవారు. అలా మా ఇంట్లో మనుషుల కంటే ఫ్యాన్లు ఎక్కువయ్యాయి.

ఇంకో వింత కూడా అప్పుడే కనిపెట్టాను. ఈ ఊళ్ళో మా ఆయన ఈడు వాళ్ళందరికీ మెడ కింద అడ్డంగా ఒక సన్నటి మచ్చ ఉంటుంది. సెలూన్ ఆయనకి ఉంది, పోస్టుమాన్‌కి ఉంది, స్కూల్లో పెద్ద టీచరుకీ ఉంది. గొంతులో థైరాయిడ్ గ్రంథి తీసేసిన ఆపరేషన్ కుట్టు అది. ఊరి వాళ్ళు దాన్ని 'గొలుసు' అంటారు. "నీకు గొలుసెప్పుడు వేశారు రా?" అని వేళాకోళాలు కూడా ఆడుకుంటారు. పొద్దున్నే అందరూ ఒకే రకం మాత్ర వేసుకుని పనుల్లోకి పోతారు. మా ఆయనకి మాత్రం గొలుసు లేదు. తన ఈడు వాళ్ళందరిలోకీ నున్నటి మెడ ఆయనొక్కడిదే. కొత్తలో అది నా అదృష్టమని మురిసిపోయాను కూడా.

ఊరికి తూర్పున కొండలున్నాయి. వాటి వెనక పెద్ద మైదానం. ఒకప్పుడు ప్రభుత్వం వాళ్ళు అక్కడ అణుబాంబులు పేల్చి చూసేవారు. మా ఆయన చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు ఆఖరుది పేల్చారు. ఆ తర్వాత దేశదేశాల వాళ్ళు కూచుని ఇక వద్దనుకున్నారో ఏమో, మైదానం గేటుకి తాళం వేశారు. ఆ తాళం తుప్పు పట్టింది. దానితోపాటు ఊరూ తుప్పు పట్టింది. మైదానం క్యాంపులో పనిచేసేవాళ్ళు వెళ్ళిపోయాక సినిమాహాలు మూశారు, బస్సులు తగ్గించారు. నేనొచ్చేసరికి ఇక్కడ చెప్పుకోవడానికి మిగిలింది ఆ గొలుసులే.

ఆ మైదానం గురించి మళ్ళీ వార్త విన్న పూట నేను షాపులో కౌంటరు దగ్గర ఉన్నాను. పక్కనే స్టూలు మీద మా అమ్మాయి బిస్కెట్లు తింటూ కాళ్ళూపుకుంటోంది. మామయ్య పెద్ద బల్ల మీద అద్దం పలక పరిచి, కట్టర్‌తో గీత లాగుతున్నారు. గోడ మీద టీవీలో దేశాన్ని ఏలే పెద్దమనిషి మాట్లాడుతున్నాడు. అవతలి దేశాలు పరీక్షలు చేస్తుంటే మనం చేతులు ముడుచుకు కూర్చోలేమనీ, అవసరమైతే మనమూ మళ్ళీ మొదలుపెడతామనీ, పాత మైదానాన్ని సిద్ధం చేయమని చెప్పామనీ అన్నాడు. అదేదో రోడ్డు వేయిస్తామన్నంత తేలిగ్గా అన్నాడు.

అద్దం మీద గీత మొదలుపెడితే చివరిదాకా ఒకే ఊపులో లాగాలి. మధ్యలో చెయ్యి ఆగితే ఆ పలక పనికిరాదు. నేను చూస్తుండగా మామయ్య చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఆయన టీవీ వైపు చూడలేదు. మా అమ్మాయి వైపు చూశారు. అది బిస్కెట్ మింగుతోంది. ఆయన దాని గొంతునే చూస్తున్నారు. 

"అమ్మాయ్, పాపని తీసుకుని మీ అక్కగారి ఊరెళ్ళిపో" అన్నారు.

"ఇప్పుడా? స్కూలు మామయ్యా."

"ఇప్పుడే అననులే. కానీ వాళ్ళు మొదలుపెట్టే ముందు మాత్రం ఇది ఇక్కడుండకూడదు."

మా ఆయన లోపల్నుంచి నవ్వుతూ వచ్చాడు. "ఈసారి భూమి అడుగున చేస్తారట నాన్నా. పొగ కూడా పైకి రాదు."

"అప్పుడూ ఏం రాదనే చెప్పార్రా."

"అప్పటి కాలం వేరు." మా ఆయన గొంతు తగ్గించి నాతో అన్నాడు. "మైదానం దారిలో క్వార్టర్సన్నీ బాగుచేయిస్తున్నారు. కిటికీల పని మనకే ఇస్తామన్నారు. ఊరికి మళ్ళీ కళ వస్తుంది, చూడు."

మా ఆయన్ని తప్పు పట్టి లాభం లేదు. ఊళ్ళో సగం మంది మాట అదే. మూతపడ్డ హోటలు ఆయన అప్పుడే బల్లలు కడిగించడం మొదలుపెట్టాడు. గొలుసులున్న వాళ్ళు కూడా పిల్లలకి ఉద్యోగాలొస్తాయని లెక్కలు వేసుకుంటున్నారు. ఖాళీ కడుపు ఎన్నింటినో మరిచిపోతుంది.

మర్నాటి నుంచి మామయ్య షాపుకి రావడం మానేశారు. లప్పం డబ్బా చేత్తో పట్టుకుని వీధులు పట్టుకున్నారు. సుద్దపొడీ అవిసె నూనే కలిపి, ముద్ద చేసి, సందుల్లో బొటనవేలితో నొక్కే ఆ లప్పం ఆయన సొంతంగా చేసుకునేదే. ఇంటింటికీ వెళ్ళి, "కిటికీలకి సందులున్నాయేమో చూస్తానమ్మా" అనేవారు. పెద్దాయన కదా అని లోపలికి రానిచ్చేవాళ్ళు. మర్యాదకి మంచినీళ్ళు కూడా ఇచ్చేవాళ్ళు. తీరా ఆయన వెళ్ళాక చూసుకుంటే వంటింటి కిటికీ తెరుచుకోదు. ఫిర్యాదులన్నీ నా కౌంటరు దగ్గరికి వచ్చేవి. ఒకావిడ, "మీ మామగారు మా పిల్లిని ఇంట్లోనే బిగించి పోయారమ్మా" అని నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మాత్రం ఆయన్ని సాధించాను. గోడకి చెప్పినట్టే.

ఆఖరికి స్కూలు నుంచి కబురొచ్చింది. పరుగెత్తుకుంటూ వెళ్ళాను. మా అమ్మాయి తరగతి గదిలో కిటికీలన్నీ లప్పం పెట్టి ఉన్నాయి. పిల్లలు చెమటతో తడిసి, పుస్తకాలతో విసురుకుంటున్నారు. పెద్ద టీచరు గొలుసు మీద చెమట తుడుచుకుంటూ, "పెద్దవారని ఊరుకున్నాను. పిల్లలకి ఊపిరాడదండీ ఇలాగైతే" అంది. మామయ్య గది మూల పిల్లల బెంచీ మీద మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూచున్నారు. మా అమ్మాయి సిగ్గుతో తల పుస్తకంలో పెట్టేసింది. ఆ తలవంపు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. దారంతా ఆయన్ని తిట్టుకుంటూ తీసుకొచ్చాను. "పరువు తీస్తున్నారు. పిచ్చి పట్టిందనుకుంటున్నారు జనం. ఆ గాలి మిమ్మల్నేం చేసింది మామయ్యా?" అన్నాను నడివీధిలో. 

మా ఎదురింటి అరుగు మీద మిషనత్త కూచుని ఉంది. పాతకాలపు కుట్టుమిషను మీద ఊరందరికీ బట్టలు కుడుతుంది, ఒంటరి మనిషి. నాతో నవ్వుతూ మాట్లాడుతుంది, మా అమ్మాయికి గౌన్లు కుడుతుంది. మామయ్యతో మాత్రం మాటల్లేవు. ఎదురెదురు ఇళ్ళలో ఉండి ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. ఎందుకని అడిగితే మా ఆయన ఎప్పుడూ మాట దాటేసేవాడు. ఆ సాయంత్రం మామయ్య లోపలికి వెళ్ళాక మిషనత్త నన్ను చెయ్యూపి పిలిచింది.

"ఆయన్ని వీధిలో అట్లా అనకు. నీకు తెలీదు" అంది.

"తెలీకపోతే ఎవరైనా చెప్పాలిగా అత్తా."

దారం తెంపి, గుడ్డ పక్కన పెట్టి చెప్పింది. "ఆ రోజుల్లో బాంబు పేలిందంటే కాసేపటికి పెద్ద దెబ్బలాగా గాలి వచ్చేది. ఊళ్ళో అద్దాలన్నీ గలగలా రాలేవి. మీ మామకి చేతినిండా పని. వేరేవాడైతే ఇంకా పేల్చమని మొక్కుకునేవాడు. ఆయనేం చేశాడు? తిరిగి తిరిగి చూసి కనిపెట్టాడు. కిటికీ తెరిచి ఉన్న ఇంట్లో అద్దం పగలట్లేదని. లోపలి గాలీ బయటి గాలీ ఒకటైతే అద్దానికి దెబ్బ తగలదట. ఆ మాట దాచుకున్నాడా? లేదు. తన పని పోతుందని కూడా చూడకుండా ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు. క్యాంపు వాళ్ళు భుజం తట్టి, జీపు ఎక్కించి, చేతికి మైకు ఇచ్చారు. 'అమ్మా, అయ్యా, రేపు కిటికీలు తెరిచి ఉంచండి, అద్దాలు కాపాడుకోండి' అని వీధి వీధీ తిరిగాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది."

"తర్వాత?"

"ఆ ఆఖరి సారి అందరం తెరిచాం. ఒక్క అద్దం పగల్లేదు. ఆయన్ని చూసి ఎంత సంతోషపడ్డామో. మధ్యాహ్నానికి గాలి మన వైపు తిరిగింది. పిండిలాంటి బూడిద వచ్చి ఇళ్ళలో పడింది. పక్కల మీద, గిన్నెల మీద, పిల్లల నెత్తి మీద. మా వాడు ఆ బూడిదలో వేలితో బొమ్మలు గీశాడు, కిటికీ గట్టు మీద. నేనే చూసి నవ్వాను." తెంపిన దారాన్ని వేలికి చుట్టుకుంది. "నా కొడుకు గొలుసు పడేదాకా కూడా ఆగలేదమ్మా, ముందే పోయాడు."

 ఏదో అనాలని, "మామయ్యకి తెలిసి చేయలేదుగా అత్తా" అన్నాను.

ఆవిడ మళ్ళీ గుడ్డ అందుకుంది. "ఏమో. ఊరంతా తెరిచిన రోజు మీ ఇంటి కిటికీ మాత్రం మూసే ఉంది. అద్దం బీట వారిందే కానీ రాల్లేదు. అందరికీ చెప్పి తన ఇంట్లో పగలగొట్టుకున్నాడని అప్పుడు నవ్వుకున్నాం. పిల్లలకి జబ్బులొచ్చాక ఎవరూ నవ్వలేదు. మీ ఆయన మెడ చూశావుగా."

ఆ మాట మీద ఇంటికొచ్చాను. మా ఆయన అన్నం తింటుంటే, అదృష్టమనుకున్న ఆ నున్నటి మెడ వైపు చూడలేకపోయాను. ఎదురింటి ఆవిడ ఇన్నాళ్ళూ మా అమ్మాయికి ఏ మనసుతో గౌన్లు కుట్టిందో తలుచుకుంటే గుండె చెరువైపోయింది.

ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆస్పత్రిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మని పట్టుకున్నాను. ఆవిడ పాత కాగితాలు చదివిన మనిషి. అసలు హాని ఎక్కువగా పాల వల్ల వచ్చి ఉంటుందని చెప్పింది. బూడిద గడ్డి మీద పడి, ఆ గడ్డి ఆవులు తిని, ఆ పాలు పిల్లలు తాగి. కిటికీలు మూసినా తెరిచినా ఆ పాలు తాగిన పిల్లలకి గొంతు జబ్బు రాక తప్పదంది. మా ఆయనకి పుట్టిన దగ్గర్నుంచీ ఆవుపాలు పడవు, చుక్క తాగితే వాంతి. నాకు ప్రాణం లేచొచ్చింది. కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు ఇంటికొచ్చి మామయ్య కుర్చీ దగ్గర కింద కూచుని, చిలక్కి చెప్పినట్టు అంతా చెప్పాను. "మీ తప్పు కాదు మామయ్యా. పాలు. పాల వల్ల."

ఆయన ఓపిగ్గా విన్నారు. నా తల మీద చెయ్యి వేసి, "పాలగిన్నెలు ఎక్కడ పెట్టుకునేవాళ్ళమ్మా? కిటికీ కిందేగా" అన్నారు.

"అది కాదు మామయ్యా, గడ్డి..."

"మంచి డాక్టరమ్మే. కానీ ఇన్నేళ్ళూ ఈ మాట ఒక్కరొచ్చి నాకు చెప్పలేదు తల్లీ. ఇప్పుడు చెబితే ఇక లోపలికి దిగదు" అన్నారు. తర్వాత లప్పం డబ్బా మూత తీసి, ఆరిపోయిందేమోనని వేలితో నొక్కి చూసుకున్నారు.

కొన్నాళ్ళకి మైదానం ఆఫీసరు ఊరికొచ్చాడు. స్కూలు హాల్లో సభ పెట్టారు. కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు, ఆఖరి బాంబు పేలినప్పటికి పుట్టి కూడా ఉండడు. తెర మీద బొమ్మలు చూపించాడు. ఎంత లోతున చేస్తారో, పైన ఎంత రాయి ఉంటుందో చెప్పాడు. పరీక్ష ఎప్పుడని ఇంకా నిర్ణయం కాలేదన్నాడు, కానీ ఊరు సిద్ధంగా ఉండటం మంచిదన్నాడు. పిల్లల సంగతేంటని నేను లేచి అడిగితే, "మాకూ పిల్లలున్నారమ్మా" అని నవ్వాడు. జనం కూడా నవ్వారు. అది జవాబెలా అయిందో నాకిప్పటికీ తెలీదు.

అప్పుడు సెలూన్ ఆయన లేచాడు. "నేల అదిరి నా షాపు అద్దాలు పగిలితే ఎవరిస్తారు సార్?"

"పగలవండీ. అయినా జాగ్రత్త కోసం కిటికీలు కాస్త తెరిచి ఉంచుకోండి. మూసి ఉంటేనే ప్రమాదం."

"ఈ మాట మా అద్దాల మామ ఎప్పుడో చెప్పాడు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా ఒక్కసారి కదిలింది. "ఆయన ఇక్కడున్నారా?" అన్నాడు ఆఫీసరు. ఉన్నారు, నా పక్కనే ఉన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకునే లోపే ఎవరో లేపి నిలబెట్టారు. ఇంకెవరో చేతికి మైకు ఇచ్చారు.

"పెద్దాయనా, మీరు ఈ పనిలో తలపండిన వాళ్ళు. తెరిచి ఉంచిన కిటికీకి అద్దం పగలదు. నిజమేనా?"

మామయ్య మైకు వంక చూశారు. పెదవులు కదిలాయి. 

"పగలదు" అన్నారు. "కానీ..."

చప్పట్లు మోగాయి. ఆ 'కానీ' నాకు తప్ప ఇంకెవరికీ వినపడలేదు. నేను లేచి, "ఆయన్ని పూర్తిగా చెప్పనివ్వండి!" అని గొంతు చించుకున్నాను. మా ఆయన నా మోచెయ్యి పట్టి కిందికి లాగాడు. అప్పటికే మైకు ఇంకొకరి చేతిలోకి వెళ్ళిపోయింది. నీళ్ళ ట్యాంకర్ల గురించి ఎవరో అడుగుతున్నారు. మామయ్య నిలబడే ఉన్నారు, మైకు పట్టుకున్న వేళ్ళు అలాగే ముడుచుకుని. నేనే ఆయన్ని కూచోబెట్టాను.

"మళ్ళీ అదే మాటన్నాను" అన్నారు నా వైపు తిరగకుండా. "అద్దం గురించి అడిగాడు తల్లీ. అద్దం గురించి అబద్ధం నోటికి రాలేదు."

ఇంటికి వచ్చే దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ ఆయన భుజం తట్టారు. "బాగా చెప్పావ్ మామా." "తెరిచే ఉంచుతాంలే మామా." ఇన్నాళ్ళూ పిచ్చివాడన్న వాళ్ళే. ఆయన ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, "కాదు, మూసుకోండి" అంటుంటే, వయసు మీద పడిందని జాలిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. మా వీధి మలుపు తిరిగాక ఆయన ఏడవడం మొదలుపెట్టారు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. గట్టిగా కాదు, నడుస్తూనే, కళ్ళు తుడుచుకోకుండా.

నేను ఆ పూటే తేల్చేశాను. పాపతో మా అక్క ఊరెళ్తున్నానని మా ఆయనతో చెప్పాను. అక్కడే స్కూల్లో వేస్తాను, అక్కడే ఉంటాను. నెత్తీ నోరూ కొట్టుకుని అడిగాను ఆయన్నీ రమ్మని. క్వార్టర్స్ పని ఒప్పుకున్నాననీ, షాపు వదిలి ఎక్కడికి పోతామనీ, ఆఫీసరు అంత వివరంగా చెప్పాక కూడా ఈ మూర్ఖత్వం ఏంటనీ అరిచాడు. నేను పెట్టె దించి బట్టలు సర్దడం మొదలుపెట్టాను. మామయ్యని కూడా రమ్మన్నాను. "ఊళ్ళో ఇంకా ఇళ్ళున్నాయమ్మా" అన్నారాయన.

ప్రయాణం ముందు రోజు సాయంత్రం, ఆయన లప్పం డబ్బా తీసుకుని వీధి దాటడం మా గుమ్మంలోంచి చూశాను. మిషనత్త ఇంటి వైపు. చేతిలో బట్టలు అక్కడే పడేసి వెనకే వెళ్ళాను. ఆయన గుమ్మం బయటే ఆగారు.

"చెల్లెమ్మా."

లోపల మిషను చప్పుడు ఆగింది.

"కిటికీ మూసుకో చెల్లెమ్మా. హాల్లో నేనన్నది పట్టించుకోకు."

"నాది ఆ రోజు నుంచీ మూసే ఉంది." ఆవిడ లేచి రాలేదు. మిషను ముందు అలాగే కూచుని ఉంది. "ఒక్కటి అడుగుతాను. మీరు చెప్పి తీరాలి. ఊరందరి కిటికీలూ తెరిపించారు. మీది ఎందుకు తెరవలేదు?"

మామయ్య గుమ్మం పట్టుకున్నారు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ మొహం మీద అడగలేదని ఆయన మొహం చూస్తేనే తెలిసింది.

"వానకి చెక్క ఉబ్బి గడియ బిగుసుకుపోయింది. మా ఆవిడ బాలింత, లాగలేకపోయింది. నేనొచ్చి తీస్తాలే అన్నాను. వీధులన్నీ తిరిగి, ఆఖర్న మా ఇంటికి వద్దామనుకున్నాను. నీ దగ్గర ఉండగానే పేలింది."

"నా దగ్గరా?"

"నీ కిటికీ కొక్కెం విరిగిపోయింది కదా. రెక్క గాలికి కొట్టుకుని పిల్లాడి మీద పడుతుందేమోనని తాడు కట్టాను, మూసుకోకుండా. రెండో ముడి వేస్తుంటే మోగింది."

మిషనత్త తన కిటికీ వైపు చూసింది. "అవును," అంది మెల్లిగా. "పచ్చ తాడు. కట్టారు." తర్వాత రెండు చేతులూ మిషను మీద పెట్టి, వాటి మీద తల పెట్టుకుంది. "మీకు ముందే తెలుసనుకున్నానన్నయ్యా. తెలిసే మీది మూసుకున్నారనుకున్నాను. వాడు పోయినందుకు ఏడ్చింది తక్కువ. మీరు మోసం చేశారని ఏడ్చిందే ఎక్కువ. వాడి కోసం ఏడవాల్సిన ఏడుపంతా మీ మీద పెట్టేశాను."

క్షమించానని ఆవిడ అనలేదు. ఆయన అడగనూ లేదు. నేను లోపలికి వెళ్ళి ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను. మామయ్య గుమ్మంలోనే, గడప అవతలే, డబ్బా పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ తలెత్తకుండానే, "లోపలికి రండన్నయ్యా" అంది. వచ్చి నేల మీద కూచున్నారు. ఆ ఇద్దరూ ఆ పిల్లాడి గురించి మాట్లాడుకుంటుంటే నేను లేచి వచ్చేశాను. నేను వినాల్సినవి కావవి.

మర్నాడు పొద్దున మా ఆయన పెట్టె మోసుకుని బస్టాండుకి వచ్చాడు. కోపం ఉన్నా పెట్టె నన్ను మోయనివ్వలేదు. పాపకి నీళ్ళ సీసా కొన్నాడు, టోపీ సరిచేశాడు. బస్సు కదలబోయే ముందు కిటికీ దగ్గరికొచ్చి, "నా మెడ చూసైనా నీకు ధైర్యం రాదా?" అన్నాడు.

"మీ మెడ చూసే వెళ్తున్నానండీ" అన్నాను.

 పాప బుగ్గ గిల్లి, జేబుల్లో చేతులు పెట్టుకుని వెనక్కి తిరిగాడు. షాపు తెరిచే వేళయింది.

మామయ్య బస్టాండుకి రాలేదు. తెల్లవారగానే ఇంట్లోంచి వెళ్ళిపోయారట. పాప బస్సెక్కిన దగ్గర్నుంచీ, "తాత ఏడీ, తాత రాలేదేంటి?" అని ఒకటే గొడవ. బస్సు బజారు వీధిలోకి తిరిగాక కనిపించారు. సెలూన్ ముందు నిలబడి ఉన్నారు. లప్పం డబ్బా కింద పెట్టి, రెండు చేతులూ జోడించి ఏదో చెబుతున్నారు. సెలూన్ ఆయన మెడలో తువ్వాలుతో నవ్వుతూ ఆయన భుజం తడుతున్నాడు. ఆ వెనక షాపు కిటికీలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి.

"తాతా!" అని అరిచింది పాప, బస్సు కిటికీలోంచి సగం బయటికి వంగి.

ఆయన గిరుక్కున తిరిగారు. దాన్ని చూడగానే మొహం వెలిగింది, ఆ వెంటనే పాలిపోయింది. రెండు చేతులూ పైకెత్తి, ముందుకి తోస్తూ, మళ్ళీ మళ్ళీ తోస్తూ, మూసెయ్యమని సైగ చేశారు. బస్సు వెంట రెండడుగులు పరుగు కూడా పెట్టారు.

తాత టాటా చెబుతున్నాడనుకుని, అది ఇంకా బయటికి వంగి, రెండు చేతులూ ఊపింది.